ట్యాంకర్ రాని రోజు: ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్‌తో పిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించడం ఎలా

మా స్కూలు కూకట్‌పల్లి వైపు, గవర్నమెంట్ హైస్కూలు, నేను చెప్పే తొమ్మిదో క్లాసులో నలభై మంది. వీళ్ళకి ఇంగ్లీషు రాదు అనడానికి లేదండి, పాఠం చదవమంటే చదువుతారు, క్వశ్చన్ ఆన్సర్లు రాస్తారు, "మై బెస్ట్ ఫ్రెండ్" ఎస్సే అయితే నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్తారు. కానీ నిన్న సాయంత్రం ఏం చేశావు అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం లేచి నిలబడి, పక్కవాడి వంక చూసి, నేల వంక చూసి, చివరికి "ఐ గెటప్ అట్ సిక్స్ ఓ క్లాక్" అంటారు. వాళ్ళ దగ్గర రెడీగా ఉన్న వాక్యం అదే మరి.

ఒకసారి మార్చి నెలలో స్కూలుకి నీళ్ళ ట్యాంకర్ రాలేదు. రెండో రోజూ రాలేదు. నేను క్లాసులోకి వెళ్ళేసరికి గోల గోల, "వంటకే సరిపోకపోతే బాత్రూంలకి యాడికెళ్ళి వస్తయి మేడమ్" అని ఒకడు, మొక్కలకి పోసుడు బంద్ చేయాలని ఇంకొకడు, ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు తాగడమే మానేశామని మెల్లగా చెప్పారు. ఆ రోజు పాఠం తీయలేదు. బోర్డు మీద నాలుగైదు మాటలు రాసి, ఇదే మాట ఇంగ్లీషులో కానివ్వండి, ఎట్లా వస్తే అట్లా అన్నాను. తప్పుల తడకే, కానీ ఆ ఒక్క పీరియడ్‌లో విన్నంత ఇంగ్లీషు అంతకుముందు ఆర్నెల్లలో వాళ్ళ నోట వినలేదు. అప్పట్నుంచి దీన్ని ఒక పద్ధతి ప్రకారం చేస్తున్నాను, మీరూ చేయాలనుకుంటే ఎట్లా మొదలుపెట్టాలో, ఎక్కడ బోల్తా పడతామో రాస్తున్నాను.

పద్ధతి కొత్తదేం కాదు. ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్ అంటారు, పుట్టింది డాక్టర్ చదువులో, కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో, 1969లో. లెక్చర్లన్నీ అయ్యాక ఎప్పుడో పేషెంట్‌ని చూపించే బదులు, ముందే ఒక పేషెంట్ కేసు స్టూడెంట్ల చేతిలో పెట్టి, చిన్న గ్రూపులుగా కూర్చోబెట్టి, ఈయనకి ఏమైంది, అది తేలాలంటే మీరేం చదవాలి అన్నది వాళ్ళనే తేల్చుకోమన్నారు. ఇంగ్లీషు విషయానికొస్తే దీనికి దగ్గర చుట్టం లాంటి పని మన పక్కనే జరిగింది, ఇంగ్లీషు ఎట్లా నేర్పాలన్న దాని మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు పేరుతో మామూలు స్కూళ్ళలో గ్రామర్ పాఠాలు పక్కనపెట్టి పిల్లలకి మ్యాపులు, టైం టేబుళ్ళు ఇచ్చి లెక్క తేల్చమన్నారు. బుర్ర విషయం మీద ఉంటే భాష వెనకే వస్తుందని ఆయన నమ్మకం. నేను నా కళ్ళతో చూసింది కూడా అదే.

ఇక్కడే ఒక మాట. మనం ప్రాజెక్ట్ వర్క్ అంటూ చేయించేది వేరు, ఇది వేరు. థర్మోకోల్ షీటు, స్కెచ్ పెన్నులు, రాత్రి పదకొండింటి దాకా అమ్మానాన్నలు అతికించడం, పొద్దున్న బడికి తేవడం, అందులో పిల్లాడు నోరు తెరిచే అవసరమే రాదు. సమస్య ఇచ్చినప్పుడు మాట్లాడకుండా పని జరగదు, తేడా అంతా అక్కడే ఉంది.

ముందు సమస్య వెతుక్కోండి, దీనికే ఎక్కువ టైం పెట్టండి

సగం పని ఇక్కడే తేలిపోతుంది. గ్లోబల్ వార్మింగ్, సోషల్ మీడియా మంచిదా చెడ్డదా లాంటివి దయచేసి ఇవ్వకండి, అవి ఇస్తే పిల్లలు నెట్‌లోంచి నాలుగు లైన్లు దించి బట్టీ కొట్టి వస్తారు, మళ్ళీ మొదటికే. సమస్య పిల్లలకి తగిలేది అయ్యుండాలి, జవాబు ఒక్కటే ఉండకూడదు, తేల్చాలంటే కొంచెం సమాచారం తక్కువ పడాలి, అది పోయి అడిగి తెచ్చుకునేంత దగ్గర్లో ఉండాలి. ఇంకోటి, తేల్చిన జవాబు వినడానికి నిజంగా ఎవరో ఒకరు ఉండాలి. ఈ చివరిది లేకపోతే మిగతావన్నీ ఉన్నా క్లాసు చల్లబడిపోతుంది.

ట్యాంకర్ సమస్యని నేను తర్వాత ఏడాది ఇట్లా రాసి ఇచ్చాను, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో, అర పేజీ దాటకుండా: మన స్కూల్లో 400 మంది. బోరు ఎండిపోయింది. రోజు విడిచి రోజు 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి వస్తుంది. వంటకి, తాగడానికి, చేతులు కడుక్కోవడానికి, టాయిలెట్లకి, మొక్కలకి అన్నిటికీ అవే నీళ్ళు. శుక్రవారం నాడు హెచ్‌ఎం మేడమ్‌కి మీ ప్లాన్ చెప్పాలి. అంతే. ఏం చేయాలో రాయలేదు. పిల్లలు ముందు చేసిన పని భాగహారం, మనిషికి పన్నెండున్నర లీటర్లు, అదీ రెండు రోజులకి కలిపి అని తేలగానే ఒకమ్మాయి "ఓన్లీ సిక్స్ లీటర్స్ వన్ డే!" అని అరిచేసింది, ఎవరూ అడక్కుండానే.

నీళ్ళ సమస్య లేని స్కూళ్ళు ఉంటాయి. వాళ్ళకి ఎక్స్‌కర్షన్ సమస్య బాగా పనిచేస్తుంది. ఒక్క రోజు, తలకి ఇంత డబ్బు, నలభై మంది, మియాపూర్ దగ్గర బయల్దేరి సాయంత్రం అయిదుకి తిరిగి రావాలి, ఎక్కడికి వెళ్దాం. మీరు వారం మాత్రం శుక్రవారం అనో సోమవారం అనో పెట్టండి. సాలార్‌జంగ్ మ్యూజియంకి శుక్రవారం సెలవు, జూ పార్కుకి సోమవారం సెలవు, ఈ సంగతి పిల్లలే కనుక్కోవాలి, కనుక్కున్నాక ప్లాన్ మొత్తం మళ్ళీ మార్చుకోవాలి. గోల్కొండకి మెట్రో లేదు కదా, మరి బస్సా ఆటోలా, ఎన్ని ఆటోలు, అని వాదించుకుంటూ పోతారు. మ్యూజియం అయితే ఎంజీబీఎస్ స్టేషన్లో దిగి నడవచ్చు. ఇట్లా మలుపులు ఉండే సమస్య అయితే మాటలు ఆగవు.

సామాను గోడ మీద పెట్టండి

సమస్య ఇచ్చి మాట్లాడండి అంటే మాట్లాడలేరు, చేతిలో కొన్ని మాటలు ఉండాలి. నేను పెద్ద చార్టు మీద ఎనిమిది పది వాక్యాలు రాసి గోడకి అతికిస్తాను. ఐ థింక్, బికాజ్. ఐ డోంట్ అగ్రీ. వాట్ డూ యు మీన్. కెన్ యు సే దట్ అగైన్. వాట్ ఇఫ్ అంటూ మొదలయ్యేది ఒకటి. అన్నిటికన్నా ముఖ్యమైంది "హౌ డూ యు సే ఫలానా ఇన్ ఇంగ్లీష్". ఈ ఒక్క వాక్యం నోటికి వస్తే మాట తెలియక ఆగిపోయే పిల్లాడు ఇంక ఆగడు, ఖాళీలో తెలుగు మాట పెట్టి అడిగేస్తాడు. దీన్ని మాత్రం నేను రెండు రోజులు ఆటలాగా అందరి చేతా అనిపిస్తాను. సమస్యకి సంబంధించిన మాటలు కూడా ఓ పది చాలు, అంతకంటే ఎక్కువిస్తే మళ్ళీ అది పాఠం అయిపోతుంది.

గ్రూపులు

అయిదుగురు చొప్పున ఎనిమిది గ్రూపులు. ఫ్రెండ్స్‌ని ఒకచోట వేయకండి. ముందు బెంచీ పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెడితే చాలు, బెంచీలు జరపక్కర్లేదు.

హైదరాబాద్ క్లాసుల్లో మనకి ఒక అదృష్టం ఉంది, మనం దాన్ని ఇబ్బంది అనుకుంటాం. నా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, బిహార్ నుంచి, ఒడిశా నుంచి పనికొచ్చినవాళ్ళ పిల్లలు, అందరూ ఉన్నారు. ఒక గ్రూపులో తెలుగు సరిగా రాని పిల్లాడు ఒక్కడుంటే మిగతా నలుగురికీ ఇంగ్లీషు వాడాల్సిన నిజమైన కారణం దొరుకుతుంది. వాళ్ళు హిందీలోకి జారుకుంటారు, నిజమే, బజార్లో పెరిగిన పిల్లలు కదా, కానీ కనీసం ఒక్కొక్క ముక్క ఇంగ్లీషు మధ్యలో పడుతుంది, అది పెరుగుతుంది.

ప్రతి గ్రూపులో ఒకళ్ళు నడిపించాలి, ఒకళ్ళు రాయాలి, ఒకళ్ళు టైం చూడాలి, ఒకళ్ళ పని ఎదురు ప్రశ్నలు వేయడమే. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లకి రాసే పని ఇవ్వండి. ఆ పిల్లని లీడర్ని చేస్తే మిగతా నలుగురు చేతులు కట్టుకుని వింటారు, రాసే పనిలో పెడితే వీళ్ళు చెప్పేది ఆ పిల్ల వినాలి, అర్థం కాకపోతే మళ్ళీ అడగాలి. ప్రశ్నలు వేసే పని కొంచెం అల్లరి వాళ్ళకి ఇస్తే బ్రహ్మాండంగా చేస్తారు.

మూడు గళ్ళు

పేపర్ని నిలువుగా మూడు భాగాలు చేయించండి: మనకి తెలిసింది, తెలుసుకోవాల్సింది, ఎవర్ని అడగాలి. మొదటి పీరియడ్ దీంతోనే అయిపోతుంది. తొందరపెట్టకండి. నీళ్ళ సమస్యలో ఒక గ్రూపు రెండో గడిలో "వేర్ ఈజ్ టాంకర్ వాటర్ కమింగ్?" అని రాసుకుంది, అక్కణ్ణించి కథ ఎక్కడికో వెళ్ళింది. ఊరికి కృష్ణా నీళ్ళు, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్ల పైనుంచి పైపుల్లో వస్తున్నాయని తెలుసుకున్నారు, ఒక పిల్లాడి తాతయ్య గండిపేట సంగతి చెప్పాడట, 1908లో మూసీకి వరదొచ్చి ఊరు మునిగిన తర్వాత కట్టించిన చెరువని. సోషల్ టీచర్ సాయంతో సరిచూసుకున్నారు, గండిపేట అంటే ఉస్మాన్‌సాగర్, అది 1920లో, దాని జంట చెరువు హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయని. వరద ఆపడానికి కట్టించిన చెరువుల గురించి నీళ్ళు లేవని ఏడుస్తూ చదువుకున్నారు పిల్లలు. ఇదంతా చేయించాలని నేను ప్లాన్ వేయలేదు, వాళ్ళ ప్రశ్నే లాక్కెళ్ళింది.

అడిగి రావడం, వచ్చి చెప్పడం

నాకు బాగా నచ్చిన మెట్టు ఇది. గ్రూపులో అయిదుగురూ అయిదుగురు వేరు వేరు మనుషుల దగ్గరికి వెళ్ళాలి. వంట చేసే అక్క దగ్గరికి ఒకళ్ళు, వాచ్‌మన్ దగ్గరికి ఒకళ్ళు, ట్యాంకర్ డ్రైవర్ దగ్గరికి ఒకళ్ళు, పీఈటీ సార్ దగ్గరికి ఒకళ్ళు, చిన్న క్లాసు పిల్లల దగ్గరికి ఒకళ్ళు. అక్కడ తెలుగులోనో హిందీలోనో మాట్లాడతారు, మాట్లాడాలి కూడా, వంట అక్కతో ఇంగ్లీషు మాట్లాడమనడం ఏం న్యాయం. తిరిగొచ్చి గ్రూపుకి చెప్పేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో చెప్పాలి. ఒకళ్ళకి తెలిసింది మిగతా నలుగురికి తెలియదు కాబట్టి చెప్పేవాడికి చెప్పే అవసరం ఉంటుంది, వినేవాళ్ళకి వినే అవసరం ఉంటుంది. ఒకే పేపర్ అందరికీ ఇచ్చి డిస్కస్ చేయండి అంటే ఇది రాదు.

చెప్పడం ఒక్కసారితో ఆపకండి. ఆ పిల్లాడు తెచ్చిన సంగతినే ముందు తన గ్రూపుకి నాలుగు నిమిషాల్లో, తర్వాత పక్క గ్రూపుకి మూడు నిమిషాల్లో, ఆ తర్వాత ఇంకో గ్రూపుకి రెండు నిమిషాల్లో చెప్పించండి. మూడోసారికి తడబాటు ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు. అదే విషయం, కొత్త వినేవాళ్ళు, కాబట్టి బోరు కొట్టదు.

తెలుగు మాట్లాడితే ఫైన్ వేయకండి

కొన్ని స్కూళ్ళలో తెలుగు మాట వస్తే రూపాయి ఫైన్, మెడలో బోర్డు, ఇవన్నీ చూశాను. దానివల్ల పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరు, మాట్లాడటమే మానేస్తారు. మొదటి పది నిమిషాలు గ్రూపులో ఏ భాషలోనైనా ఆలోచించుకోమని వదిలేయండి. ఆలోచన తెలుగులో కుదిరితే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకునే ధైర్యం వస్తుంది. ఆ తర్వాత బెల్లు కొట్టి ఇంక ఇంగ్లీషే అనండి, మధ్యలో ఒక తెలుగు మాట దొర్లితే వదిలేయండి. 2022-23 నుంచి మన గవర్నమెంట్ స్కూళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలయ్యాక ఈ పిల్లలు సైన్సులో డౌటు అడగాలన్నా ఇంగ్లీషే దిక్కు అన్నట్టు అయింది, భయం ఎక్కువైతే ఆ డౌటు కూడా అడగరు.

మీరు నోరు మూసుకోండి, ఇది అన్నిటికన్నా కష్టం

కటువుగా ఉన్నా ఇంతకంటే సూటిగా చెప్పలేను. పిల్లాడు "డ్రైవర్ డిడ్ నాట్ కేమ్" అనగానే మన నోరు దురద పెడుతుంది. ఆపుకోండి. వాడు ఆలోచిస్తూ ఆగితే మనం మాట అందించేస్తాం, అదీ వద్దు, మనసులో పది లెక్కపెట్టండి. మీ పని ఒక నోట్‌బుక్ పట్టుకుని గ్రూపుల మధ్య తిరుగుతూ విన్న వాక్యాలు రాసుకోవడం. గ్రూపు పూర్తిగా ఆగిపోతే జవాబు చెప్పకుండా ఒక ప్రశ్న వేసి వెళ్ళిపోండి, వంటకి నీళ్ళు తగ్గిస్తే పప్పు ఎట్లా ఉడుకుతుంది అన్నట్టు.

చివరి పది నిమిషాలు మీవి. రాసుకున్నవాటిలోంచి అయిదు వాక్యాలు బోర్డు మీద పెట్టండి, ఎవరు అన్నారో చెప్పొద్దు, పిల్లలనే సరిచేయమనండి. మావాళ్ళ దగ్గర ఎప్పుడూ దొరికేవి ఇవి. "వాటర్ ఈజ్ నాట్ కమింగ్ ఫ్రమ్ టూ డేస్". రెండు రోజుల నుంచి అని మనం తెలుగులో అనుకుంటాం కాబట్టి నుంచి కాస్తా ఫ్రమ్ అయింది, వాటర్ హాజ్ నాట్ కమ్ ఫర్ టూ డేస్ అనాలని, రోజులు లెక్కపెడితే ఫర్, ఫలానా సోమవారం నుంచి అంటే సిన్స్ అని, ఇది గ్రామర్ పీరియడ్‌లో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, తను అన్న మాటే బోర్డు మీద చూసుకున్న రోజు ఎక్కింది. "డిస్కస్ అబౌట్" ఇంకోటి, గురించి అన్న మాట మనకి లేకపోతే తోచదు కదా. డిడ్ పక్కన కేమ్ సరేసరి. అయిదుకి మించి పెట్టొద్దు. ఉచ్చారణ కూడా వినేవాళ్ళకి అర్థం కానప్పుడు మాత్రమే పట్టించుకోండి.

నిజంగా వినేవాళ్ళ ముందు చెప్పించండి

శుక్రవారం హెచ్‌ఎం మేడమ్ వచ్చి కూర్చున్నారు. ఎవరు చెప్పాలన్నది అప్పటికప్పుడు చీటీ తీశాం, ముందే తెలిస్తే ఇంగ్లీషు వచ్చిన పిల్లే బట్టీ కొట్టుకుని వస్తుంది. ఒక గ్రూపులో చీటీ వచ్చిన పిల్ల ఏడాదంతా నా దగ్గర ఎస్ మేడమ్, నో మేడమ్ తప్ప మాట్లాడలేదు. చాక్‌పీసు గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ప్లాన్ రెండు ముక్కల్లో చెప్పేసింది. మేడమ్, మరి మొక్కలకి నీళ్ళు తీసేశారు, ఎండిపోవా అని ఇంగ్లీషులో అడిగారు.

"హ్యాండ్‌వాష్ వాటర్ గో ప్లాంట్స్ మేడమ్."

"సారీ?" అన్నారు మేడమ్.

నేను లేవబోయి కూర్చున్నాను. ఆ పిల్ల చార్టు వంక చూసి మళ్ళీ మొదలుపెట్టింది. "వీ వాష్ హ్యాండ్స్. దట్ వాటర్, డోంట్ త్రో. పుట్ టు ప్లాంట్స్." ఎట్లా పడతారు ఆ నీళ్ళని అని మేడమ్ అడిగారు. ఇక్కడ దానికి మాట దొరకలేదు, గోడ మీద చార్టు చూసింది, చూసి సాక్షాత్తూ మేడమ్‌నే అడిగింది, "మేడమ్, హౌ డూ యు సే తొట్టి ఇన్ ఇంగ్లీష్?" మేడమ్ కూడా ఒక్క క్షణం ఆలోచించి టబ్ అన్నారు. "యెస్ మేడమ్, అండర్ ట్యాప్, వన్ టబ్."

బట్టీ కొట్టిన ఉపన్యాసానికి ఎవరూ సారీ అనరు. ఎదుటివాళ్ళకి అర్థం కాలేదని తెలిసి అదే మాట ఇంకోలా తిప్పి చెప్పుకోవడం, ఇంగ్లీషు మాట్లాడటంలో సగం అదే, ఇంటర్వ్యూలో అయినా, రేపు ఏ ఆఫీసులో అయినా. అందుకే వినేవాళ్ళకి ముందే చెప్పిపెట్టండి, మెచ్చుకోవడంతో ఆపొద్దు, ప్రశ్నలు అడగండి, అర్థం కాకపోతే కాలేదనండి అని. హెచ్‌ఎం కుదరకపోతే వేరే సెక్షన్ టీచరు, స్కూల్ కమిటీలో చదువుకున్న అమ్మ ఎవరైనా, పదో క్లాసు పిల్లలైనా సరే.

ఇక మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఒక సమస్యకి అయిదారు పీరియడ్లు పడుతుంది, నెలకి ఒకటి మించి చేయలేం, పరీక్షల నెలలో అసలు వద్దు. సిలబస్ వెనకబడుతుందన్న భయం నాకూ ఉంది, అందుకే సమస్యని ఆ నెల చెప్పాల్సిన యూనిట్‌కి దగ్గరగా చూసుకుంటాను, ఎఫ్‌ఏలో, అంటే ఏడాది మధ్యలో మార్కులు వేసే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, ప్రాజెక్ట్ వర్క్ కింద కూడా ఇదే చూపిస్తాను. గోల అవుతుంది, పక్క క్లాసు టీచర్‌కి ముందే చెప్పుకోండి. అరవై డెబ్భై మంది ఉంటే సగం క్లాసుకి రాతపని ఇచ్చి సగం క్లాసుతో చేయండి, మర్నాడు అటుది ఇటు.

మార్కుల కోసం నేను చూసేవి మూడే: చెప్పింది వినేవాళ్ళకి అర్థమైందా, ప్రశ్న వస్తే నిలబడ్డాడా, పక్కవాళ్ళు చెప్పింది విని దానికి జవాబిచ్చాడా. గ్రామర్‌కి విడిగా మార్కు వేయను, రాతపరీక్షలో ఎట్లాగూ వేస్తాం. జూన్‌లో ప్రతి పిల్లాడి గొంతు ఒక్క నిమిషం ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి, వీడియో వద్దు, గొంతు చాలు, ఇంట్లోవాళ్ళకి చెప్పి చేయండి. ఫిబ్రవరిలో మళ్ళీ ఒక నిమిషం. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లాడికే వినిపించండి, ఎన్నిచోట్ల ఆగాడో వాడే లెక్కపెట్టుకుంటాడు.

రెండు మూడు సమస్యలు అయ్యాక మీరు వెతకడం మానేసి ఒక అట్టపెట్టె పెట్టండి, పిల్లలనే చీటీలు వేయమనండి. మా పెట్టెలో మొన్న తీసిన చీటీ ఇది, రూళ్ళ పేపర్ ముక్క మీద ఇంగ్లీషులో రాసుంది: మార్నింగ్ బస్ ఈజ్ ఫుల్, నో ప్లేస్ ఫర్ బ్యాగ్, వాట్ టు డూ. సోమవారం దీంతోనే మొదలుపెడుతున్నాం.